ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ లేదని ఎలా తేలుస్తారు?

దీర్ఘకాలంగా ఊపిరితిత్తుల జబ్బు ఉన్న రోగికి ఉన్నట్టుండి ఆయాసం పెరిగిందనుకోండి. పాత జబ్బే ముదిరిందా? లేక ఊపిరితిత్తుల రక్తనాళంలో రక్తపు గడ్డ అడ్డుపడిందా? లక్షణాలు రెండింటికీ ఒకేలా ఉంటాయి. చికిత్సలు మాత్రం వేరు. గడ్డను గుర్తించకపోతే ప్రాణాపాయం. లేని గడ్డకు మందులిస్తే అనవసరంగా రక్తస్రావం కావచ్చు.

ఈ గడ్డ సాధారణంగా కాలి లోపలి సిరల్లో ఏర్పడుతుంది. అక్కడినుంచి ఊడి, గుండె కుడి భాగం గుండా ఊపిరితిత్తుల ధమనిలోకి చేరి ఇరుక్కుంటుంది.

డాక్టర్లు ముందుగా ప్రశ్నలు వేస్తారు. ఒక కాలు వాచిందా? ఈమధ్య ఆపరేషన్ జరిగిందా? పూర్వం గడ్డ కట్టిందా? అనుమానం తక్కువైతే రక్తపరీక్ష చేయిస్తారు. గడ్డలో ఫైబ్రిన్ అనే ప్రోటీను పోగులుంటాయి. శరీరం వాటిని తెంచినప్పుడు డి-డైమర్ అనే తునకలు రక్తంలో కలుస్తాయి. అవి మిల్లీలీటరుకు 500 నానోగ్రాములకన్నా తక్కువుంటే గడ్డ లేదని దాదాపుగా చెప్పవచ్చు. 50 ఏళ్లు దాటినవారికి ఈ హద్దును వయసునుబట్టి పెంచుతారు.

హద్దు దాటితే గడ్డ ఉన్నట్టేనా? కాదు! న్యుమోనియా, కోవిడ్ వంటి జబ్బుల్లోనూ డి-డైమర్ పెరుగుతుంది. అంటే ఈ పరీక్ష గడ్డ లేదని చెప్పగలదే గాని, ఉందని రుజువు చేయలేదు.

అప్పుడు సి.టి. స్కాన్ తీస్తారు. అనుమానం బలంగా ఉంటే నేరుగా స్కానే. సిరలోకి అయొడిన్ కలిగిన ద్రవం ఎక్కిస్తారు. చిత్రంలో రక్తనాళాలు తెల్లగా మెరుస్తాయి. గడ్డ ఉంటే అక్కడ ముదురు మచ్చ కనిపిస్తుంది.

చూశారా! విజ్ఞానంలో 'ఉంది' అనడానికే కాదు, 'లేదు' అనడానికీ ఆధారం కావాలి.