మాల తీసిన మర్నాడు



కార్తీకమాసం వచ్చిందంటే మన భవానీపురం వీధుల రంగే మారిపోతుంది. వీధికి నలుగురైనా ఎర్రబట్టలు కట్టి, మెడలో మాల వేసుకుని భవానీ దీక్ష తీసుకుంటారు. పక్క వీధిలో నల్లబట్టల అయ్యప్ప స్వాములు కనబడతారు. మండల దీక్ష అంటే 41 రోజులు. అంత వీలుకానివాళ్ళు 21 రోజుల అర్ధమండలం చేస్తారు. తెల్లవారుజామునే చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం, నేలమీద పడక, మద్యమాంసాలకు దూరం. ఆఖరికి ఇరుముడి కట్టుకుని, ఇంద్రకీలాద్రి చుట్టూ గిరిప్రదక్షిణ చేసి, దుర్గమ్మ సన్నిధిలో మాల తీస్తారు.

ఈ నియమాలన్నిటిలోకీ కొన్ని ఇళ్ళల్లో ఇల్లాలు లోలోపల లెక్కపెట్టుకునేది ఒక్కదాన్నే. అది తాగుడు మానడం. "ఈ నలభై రోజులూ మా ఇల్లు ఇల్లులా వుంటుందండీ" అంటారు. ఆ వెంటనే రెండో మాట కూడా వస్తుంది. "మాల తీసిన రోజే మళ్ళీ మొదలు" అని. ఈ రెండు మాటలకీ మధ్య ఏం జరుగుతున్నదో ఈవేళ కాస్త తీరిగ్గా చూద్దాం. దీక్ష భక్తికి సంబంధించిన సంగతి, దాని జోలికి నేను పోను. నెలా పదిరోజులు మద్యం మానితే ఒంట్లో ఏమవుతుంది, ఎవరికి అలా మానడం ప్రమాదం, మాల తీసిన మర్నాటికి ఇంటిల్లిపాదీ ఏం సిద్ధం చేసుకోవాలి, ఈ మూడే మనకు కావలసినవి.

ముందుగా కొలత సంగతి తెలుసుకుందాం. "మావారు ఎక్కువేం తాగరు, ఒక్క క్వార్టరే" అనే మాట వింటూ వుంటాం. క్వార్టరంటే 180 మిల్లీలీటర్లు. మన దేశంలో అమ్మే విస్కీ, బ్రాందీలలో సాధారణంగా నూటికి 42.8 వంతులు ఆల్కహాలు వుంటుంది. అంటే ఒక్క క్వార్టరులో దాదాపు 60 గ్రాముల ఆల్కహాలు వున్నట్టు. డాక్టర్లు ఒక కొలత అని దేన్నంటారంటే 10 గ్రాములని. ఆ లెక్కన ఒక క్వార్టరు ఆరు కొలతలు. పెద్ద బీరు సీసా, 650 మిల్లీలీటర్లది, మామూలు రకమైతే రెండున్నర కొలతలు, స్ట్రాంగ్ రకమైతే నాలుగు. "బీరే కదా" అనుకోవడానికి లేదన్నమాట. పైగా ఇంతవరకు తాగితే ఏ భయమూ లేదని చెప్పగల కొలత లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది.

ఇక మానితే ఏమవుతుంది? రోజూ తాగేవాళ్ళ కాలేయంలో, అంటే లివరులో, కొవ్వు పేరుకుంటుంది. మద్యం ఆపితే రెండు నుంచి ఆరు వారాల్లో ఆ కొవ్వు చాలావరకు కరిగిపోతుంది. మన దీక్షా కాలం సరిగ్గా అంతే! కాలేయం గట్టిపడి గీతలు పడిన తరువాత మాత్రం నెల మానినంత మాత్రాన అది మెత్తబడదు. అయితే అప్పుడు కూడా మానేస్తే ఇంకా చెడకుండా ఆగుతుంది. లండనులో మోస్తరుగా, అంతకన్న ఎక్కువగా తాగే 94 మందిని పరిశీలించి 2018లో ఒక నివేదిక వేశారు. నెల మానిన వాళ్ళకు రక్తపోటు దిగింది, బరువు కొంచెం తగ్గింది. ఒంట్లో ఇన్సులిన్ పనిచేయకుండా అడ్డుపడే గుణం నాలుగో వంతు తగ్గింది. ఇంటింటా షుగరు వున్న మనవాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు.

నిద్ర సంగతి కూడా చెప్పాలి. మద్యం తొందరగా నిద్ర పట్టిస్తుంది కాని, అర్ధరాత్రి దాటాక ఆ నిద్రను ముక్కలు చేస్తుంది. మానిన మొదటి వారం, పది రోజులు నిద్ర పట్టదు, చిరాకు పడతారు. "దీక్షలో వుండి కూడా ఆ కోపమేమిటి?" అని మనం బాధపడతాం. అది మనిషి గుణం కాదు, ఒంట్లో జరిగే మార్పు. తరువాత తరువాత నిద్ర బాగుపడుతుంది.

ఇలా నెల మానడం మనకే పరిమితం కాదు. ఇంగ్లండులో 2013 నుంచి జనవరి నెలంతా మద్యం ముట్టకుండా వుండే ఉద్యమం ఒకటి నడుస్తున్నది. 2018 జనవరిలో అలా మానినవాళ్ళను ససెక్స్ విశ్వవిద్యాలయం వారు ఆగస్టులో మళ్ళీ పలకరించారు. వారానికి సగటున 4.3 రోజులు తాగేవాళ్ళు 3.3 రోజులకు దిగామన్నారు. తమంతట తాము ముందుకు వచ్చినవాళ్ళు చెప్పిన లెక్క ఇది, అందరికీ వర్తించదు. అయినా ఒక సంగతి తెలుస్తున్నది. నెల మానడం కొందరిలోనైనా నెలతో పోదు, దాని జాడ మిగులుతుంది.

ఇప్పుడు ప్రమాదం సంగతి. దయచేసి ఈ భాగం జాగ్రత్తగా వినండి. కొన్నేళ్ళుగా రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే ఒళ్ళు తిరగబడుతుంది. ఆఖరిసారి తాగిన ఆరేడు గంటలకే చేతులు వణకడం, చెమటలు, గుండెదడ, వాంతులు మొదలవుతాయి. రెండు రోజుల లోపల ఫిట్సు రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి మతి చెదురుతుంది. లేని మనుషులతో మాట్లాడతారు, గోడమీద పురుగులు పాకుతున్నాయంటారు, వేళా చోటూ తెలియదు. దీనికి వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు.

మాల వేసుకున్న మూడోరోజున ఇలా జరిగితే చుట్టుపక్కల వాళ్ళేమంటారు? "అమ్మవారు పూనింది" అంటారు, "నియమం తప్పాడు, అందుకే" అంటారు. హారతులిస్తారు, విభూతి పెడతారు. ఆ గంటలు ఆస్పత్రిలో గడవవలసిన గంటలు. వణుకుతో పాటు తికమకగా మాట్లాడినా, ఫిట్సు వచ్చినా, జ్వరం కాసినా ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయండి. దణ్ణం ఆస్పత్రి నుంచి వచ్చాకయినా పెట్టుకోవచ్చు.

ఇది అందరికీ వస్తుందని కాదు. ఎవరికి రావచ్చో ముందుగానే కనిపెట్టవచ్చు. పొద్దున్నే చేతులు వణికి, కాస్త పడితేగాని వణుకు తగ్గనివాళ్ళు, ఇదివరకు మానినప్పుడు ఫిట్సు వచ్చినవాళ్ళు, రోజూ క్వార్టరుకు మించి తాగేవాళ్ళు, కామెర్లు వచ్చి తగ్గినవాళ్ళు, వీళ్ళు మాల వేసుకునే ముందు వారమే డాక్టరును కలవాలి. కొద్ది రోజులపాటు వాడి తగ్గించుకుంటూ పోయే బిళ్ళలు, బి1 విటమినూ ఇస్తారు. తాగేవాళ్ళ ఒంట్లో ఈ బి1 బాగా తరిగిపోయి వుంటుంది. అసలే తరిగిన ఒంటికి ఒంటిపూట భోజనం తోడైతే మెదడుకే ముప్పు. అందుకని ఒంటిపూట నియమం వీళ్ళకు ఎంతవరకు తగునో డాక్టరునడిగి, ఆ సంగతి గురుభవానికి ముందే చెప్పి వుంచండి. ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఈ పనికే వుంది. మానసిక వైద్యమంటే పిచ్చికి చేసేదేనని వెనకాడవద్దు. ఇంట్లోంచే సలహా కావాలంటే టెలీ మానస్ వారి 14416కు, మత్తు మాన్పించే జాతీయ సహాయ కేంద్రం 14446కు డబ్బు ఖర్చు లేకుండా ఫోను చేయవచ్చు.

ఇంకొక హెచ్చరిక. "మీవారికి తెలియకుండా కూరలో కలపండి, తాగుడు మానేస్తారు" అని పొడులూ బిళ్ళలూ అమ్ముతూ వుంటారు. వాటిల్లో ఏముందో మనకు తెలియదు. డైసల్ఫిరామ్ అనే నిజమైన మందు ఒకటి వున్నది, 1940లలో డెన్మార్కులో దీని గుణం కనిపెట్టారు. అది ఒంట్లో వుండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. ఒక్కోసారి గుండె ఆగిపోతుంది. వేసుకోవడం ఆపినా రెండు వారాల దాకా దాని గుణం పోదు. అందుకే రోగికి అన్నీ చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి గాని డాక్టర్లు ఇవ్వరు. తెలియకుండా పెడితే, తెలియకుండానే ఆయన తాగుతాడు. మనం మంచికని చేసింది ప్రాణం మీదికి వస్తుంది.

సరే, మొదటి వారం గండం గడిచింది. మిగతా రోజులు ఆయన ఎలా మానగలుగుతున్నాడు? ఎవరో కట్టిపడేయలేదు, దుకాణాలు మూతపడలేదు. విద్యాధరపురం పోయినా, చిట్టినగర్ పోయినా దుకాణం ఎదురవుతూనే వుంటుంది. కాస్త ఆలోచిస్తే నాలుగు కారణాలు కనబడతాయి. ఒకటి, సాయంత్రం ఆరింటికి పూజ, ఆ తరువాత భజన. మద్యం పిలిచే వేళకు మనిషి ఖాళీగా లేడు. రెండు, స్నేహితులు మారారు. మూడు, నలుగురిలో మాట ఇచ్చాడు. నాలుగు, అందరూ "భవానీ" అని గౌరవంగా పిలుస్తున్నారు, ఆ పిలుపుకు తగ్గట్టు వుండాలని ఆయనకే అనిపిస్తున్నది. మాల తీసిన రోజున ఈ నాలుగూ ఒక్కసారే పోతాయి. పాత సాయంత్రం, పాత స్నేహితులు తిరిగి వస్తారు. పడిపోయేది మనిషి ఒక్కడే కాదు, ఆయన్ని నిలబెట్టిన గుంజలన్నీ ఒకేరోజు పీకేశాం!

అందుకని మాట్లాడుకోవలసినది మాల తీసేటప్పుడు కాదు, ముప్ఫయ్యో రోజు ప్రాంతంలో. అప్పటికి ఆయన మనసు నిదానంగా వుంటుంది. అటువంటప్పుడు దెప్పుడు పనికిరాదు. "ఏమండీ, ఈ నెల మీకెలా వుంది? నిద్ర బాగా పడుతున్నదా? మాల తీశాక సాయంత్రాలు ఏం చేద్దామనుకుంటున్నారు?" అని అడగవచ్చు. జవాబు ఆయన నోటినుంచి రావాలి. భజన బృందంతో వారానికి రెండు రోజులైనా వెళ్ళడమో, కృష్ణ ఒడ్డున నడకో, పిల్లవాడికి లెక్కలు చెప్పడమో, ఏదైనా సరే, ఆరు నుంచి తొమ్మిది దాకా వుండే ఆ మూడు గంటలకు ఒక పని వుండాలి. డబ్బు లెక్క కూడా కలిసి వేసుకోండి. రోజుకు రెండు వందలనుకుంటే 41 రోజులకు 8,200 రూపాయలు. ఆ డబ్బుతో పిల్లల ఫీజు కట్టారో, బ్యాంకులో వేశారో కంటికి కనబడాలి.

మాల తీసిన రోజుకు మరొక జాగ్రత్త వున్నది. ఆరు వారాలు మానిన ఒంటికి మద్యాన్ని తట్టుకునే పాత అలవాటు తగ్గిపోతుంది. ఇదివరకు క్వార్టరు పట్టించి తూలకుండా నిలబడ్డ మనిషికి ఇప్పుడు అంతే పడితే మోటారుసైకిలు అదుపులో వుండదు. కొండ దిగినవాళ్ళు ఆ సాయంత్రం పాత మిత్రులతో కాక, కుటుంబంతో కలిసి ఇంటికి చేరేట్టు ముందే అనుకుంటే చాలా ఆపదలు తప్పుతాయి.

ఇంత చేసినా ఆయన మళ్ళీ తాగితే? అది మీ తప్పు కాదు. మీ కూరలో ఉప్పు తక్కువై తాగలేదు, మీ మాట ఎక్కువై తాగలేదు. మనుషులు పలుమార్లు మాని, పలుమార్లు జారి, చివరకు మానడం ఎక్కువగా జరిగేదే. జారిన రోజున "నలభై రోజులూ దండగ" అనకండి. నలభై రోజులు వుండగలిగిన మనిషి అని ఋజువైంది కదా! మర్నాడే డాక్టరు దగ్గరకు వెళదామని అడగండి. అయితే తాగి చేయి చేసుకోవడం మాత్రం జబ్బు పేరున ఓర్చుకోవలసినది కాదు. గృహహింసకు 2005లో చట్టం వచ్చింది, 181కి ఫోను చేస్తే సహాయం అందుతుంది.

మద్యం మీద మన ఆడవాళ్ళు తిరగబడ్డ చరిత్ర చిన్నది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాలు నేర్చుకుంటున్న తల్లులు సారా దుకాణం మూయించారు. ఆ గాలి రాష్ట్రమంతా వీచి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధమూ, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలించారు. దుకాణం మూసినంత కాలం ఎన్నో ఇళ్ళు ఊపిరి పీల్చుకున్నాయి, తెరిచాక మళ్ళీ మొదటికి వచ్చాయి. దీక్ష కూడా ఒకరకంగా ఇంటిలోపలి నిషేధమే. తెరిచే రోజు దానికీ వుంది. ఆ రోజు ఎప్పుడో ముందే తెలియడం మాత్రం మనకున్న అదృష్టం.

కాబట్టి ఈసారి కార్తీకానికి ముందు వారం డాక్టరుతో ఒక మాట, ముప్ఫయ్యో రోజున ఆయనతో ఒక మాట. క్యాలెండరులో 41వ రోజుకు సున్నా చుట్టేటప్పుడు, 42వ రోజుకు కూడా చుట్టి, ఆ సాయంత్రం ఎక్కడ వుంటారో పక్కన రాసుకోండి.