వెయ్యిసార్లు చచ్చి బతికాను

పోయిన వేసవిలో హైదరాబాదులో మా అబ్బాయి ఇంట్లో ఒక పెట్టె బీరువా యెక్కింది. ట్రంకుపెట్టె కాదు, టెలివిజనుకు తగిలించి ఆడుకునే వీడియోగేముల పెట్టె. యెనిమిదో తరగతి చదువుతున్న మా మనవడు లెక్కల్లో నూటికి ముప్ఫయి ఒకటి తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నవాడు ఊరుకున్నాడా? ఆ జవాబు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో పారేశాడు. ముక్కలు మా కోడలి కంటపడ్డాయి. ఆ సాయంత్రమే పెట్టెకు కారాగారవాసం.

"మామయ్యగారూ! ముప్ఫయి నాలుగేళ్లు లెక్కలు చెప్పినవారు మీరు. ఆ ఆటలేమిటో ఒక్కసారి చూసి, ఇంట్లో ఉంచమంటారో, ఎవరికైనా ఇచ్చెయ్యమంటారో మీరే చెప్పండి" అన్నది కోడలు.

తీర్పు చెప్పవలసినవాడు సాక్ష్యం వినాలి గదా! అందుచేత అరవైయేడేళ్ల వయస్సులో, బొటనవేళ్లకు కీళ్లనొప్పులున్న నేను, కంట్రోలరు పట్టుకున్నాను.

నేనెరిగిన వీడియోగేములు వేరు. 1978లో జపానులో పుట్టిన స్పేస్ ఇన్‌వేడర్స్, 1980 నాటి పాక్‌మాన్ - ఇవన్నీ నాణెం మింగే యంత్రాలు. నాణెం వేస్తే మూడు ప్రాణాలు. అవి కాస్తా పోతే మరో నాణెం. ఆడేవాడు యెంత త్వరగా చస్తే యజమానికి అంత లాభం. తరవాత ఆటలు ఇళ్లలోకి వచ్చాయి, నాణెంతో పని లేకుండా పోయింది. అయినా ఆ మూడు ప్రాణాల ఆచారం మాత్రం పోలేదు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌లోనూ మూడే. బావి పూడ్చినా గిలక మిగిలినట్టన్నమాట.

మనవడు నాకు మొదట చూపించిన ఆట పేరు సెలెస్ట్. 2018లో వచ్చింది. మ్యాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ అనే ఇద్దరు దీని తొలిరూపాన్ని నాలుగే రోజుల్లో తయారుచేశారు. మాడలిన్ అని ఒక పిల్ల. ఊరికే కంగారుపడే మనిషి, ఒక్కొక్కప్పుడు ఊపిరాడదు. ఆ పిల్ల ఒక కొండ యెక్కాలి. గెంతడం, గాలిలో ఒక్క విసురు దూకడం, గోడ పట్టుకుని పాకడం - ఆమెకు వచ్చిన విద్యలు ఇంతే. దారి పొడుగునా ముళ్లు.

నేను మొదటి పావుగంటలో నలభైసార్లు చచ్చాను. అయితే నాకు వింతగా తోచినదేమిటంటే, చచ్చినట్టే అనిపించలేదు. ముల్లు తగిలిందో లేదో, రెప్పపాటులో ఆ గది మొదట్లోనే నిలబడి ఉన్నాను. ప్రాణాల లెక్క లేదు. "ఆట ముగిసింది" అని వెక్కిరించే బోర్డు లేదు. పైగా మధ్యలో ఒక కార్డు వచ్చి, ఎన్నిసార్లు చస్తే అంత నేర్చుకుంటున్నట్టు లెక్క, గర్వపడమని చెప్పింది. ఈ మాట ముప్ఫయి నాలుగేళ్లలో ఒక్క పిల్లవాడితోనైనా నేను అన్నానా అని ఆలోచించాను. జ్ఞాపకం రాలేదు.

ఇంకొక రహస్యం ఉంది. కొండ అంచు దాటి కాలు గాలిలో పడిన తరవాత కూడా, సెకనులో పదోవంతు కన్నా తక్కువ కాలం పాటు, గెంతే అవకాశం ఈ ఆట ఇస్తుంది. తల రాతి మూలకు తగలబోతే కాస్త పక్కకు జరుపుతుంది. ఇవేవీ ఆడేవాడికి తెలియవు. తానే బాగా ఆడాననుకుంటాడు. తయారు చేసినవారే 2020లో ఈ సంగతులు వివరించి చెప్పారు. మా రోజుల్లో గ్రేసు మార్కులు ఇచ్చేవాళ్లం. ఇచ్చిన సంగతి కాగితం మీద ఎర్రగా రాసి మరీ ఇచ్చేవాళ్లం!

నావంటి వాళ్లకోసం ఇందులో మరొక సదుపాయం ఉన్నది. ఆట వేగాన్ని నూటికి యాభై వంతుల దాకా తగ్గించుకోవచ్చు. కావాలంటే చావే లేకుండా చేసుకోవచ్చు. నేను వేగం డెబ్భైకి దించాను. "అది దొంగాట, తాతయ్యా!" అన్నాడు మనవడు. "నీ వేళ్లు నాకిచ్చి, నా వేళ్లు నువ్వు తీసుకో. అప్పుడు మాట్లాడుకుందాం" అన్నాను. వాడు నవ్వాడు. కాగితం చింపిన తరవాత వాడు నవ్వడం అదే మొదటిసారిట, కోడలు చెప్పింది.

ఇక మా అబ్బాయి సంగతి. పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేసిన ఈ పెద్దమనిషి, రాత్రి పదకొండు దాటాక తన కంప్యూటరు మీద ఎల్డెన్ రింగ్ ఆడుతూ నాకు దొరికిపోయాడు. 2022లో వచ్చిన ఈ ఆట జపానులో హిదెతకా మియజాకీ నిర్దేశకత్వంలో తయారయింది. చీకటి గుహలోంచి పచ్చని మైదానంలోకి అడుగుపెట్టగానే, బంగారు కవచం తొడిగిన రౌతు ఒకడు గుర్రం మీద తిరుగుతూ ఉంటాడు. కొత్తవాడు వాడి మీదికి పోతాడు. రెండు దెబ్బల్లో సరి. మా అబ్బాయి ఆ రౌతు చేతిలో ఇరవైసార్లు చచ్చాడు. తీరా చూస్తే, వాడితో ఇప్పుడే పోరాడమని ఎవరూ చెప్పలేదు. పక్కనుంచి పోవచ్చు, లోకమంతా తిరిగి బలం తెచ్చుకుని మళ్లీ రావచ్చు. వాణ్ణి వాకిట్లోనే నిలబెట్టడంలో రూపకర్త బోధించిన పాఠం అదేనని నాకనిపించింది.

ఆ పాఠం బాగుంది. కాని ఇందులో చచ్చినవాడు సంపాదించిన రూన్లన్నీ చచ్చినచోటే రాలిపోతాయి. వెళ్లి ఏరుకోవాలి, దారిలో మళ్లీ చస్తే అవి శాశ్వతంగా పోతాయి. కష్టం తగ్గించే మీట లేదు. "అదే నాన్నా దీని గౌరవం" అంటాడు మా అబ్బాయి. సాయానికి ఆత్మలను పిలుచుకోవచ్చుననీ, ముఖం తెలియని ఆటగాళ్లను తోడు తెచ్చుకోవచ్చుననీ వాదించాడు. ఒప్పుకున్నాను. నా బొటనవేళ్లు మాత్రం ఒప్పుకోలేదు.

2020లో పూర్తిగా వెలువడిన హేడిస్ అనే ఆటను కూడా కాసేపు చూశాను. గ్రీకుల యముడి కొడుకు ఇల్లు వదిలి పారిపోబోతాడు. చచ్చినప్పుడల్లా మళ్లీ తండ్రి కొలువులోనే తేలతాడు. అక్కడివాళ్లు పలకరిస్తారు, కథ ఒక అడుగు ముందుకు పడుతుంది. చావకపోతే సగం కథ తెలియదు!

సాక్ష్యం ఇంతవరకు వచ్చాక అసలు సంగతి బయటపడింది. మనవడు పరీక్షల ముందు నెల రోజులు ఈ పెట్టె ముట్టనే లేదు. వాడు ఆడినది వాళ్లమ్మ ఫోనులోని ఒక ఉచితపు ఆట. ఉచితమన్నది పేరుకే. ప్రాణాలు అయిపోతే గంటలు కాచుకోవాలి, లేదా డబ్బు కట్టాలి. ఓడిన క్షణంలోనే, ఆ ఉక్రోషం చల్లారకముందే, దుకాణం తెరుచుకుంటుంది. వాడు మూడు దఫాలుగా పందొమ్మిది వందల రూపాయలు కట్టాడు. బ్యాంకు వారి సందేశాలు చెరిపేశాడు. ఆ భయంతో చదివినదేదీ తలకెక్కలేదు. నాణెం మింగే యంత్రం పోయిందనుకున్నాను. ఫోనులో దూరి మా ఇంట్లోనే కాపురం పెట్టింది. నేరం ఫోనుది, జైలు పెట్టెది!

కోడలు ఏడ్చింది. మనవడూ ఏడ్చాడు. మా అబ్బాయి బీరువా తాళం తీసుకెళ్లి వాళ్లమ్మ చేతిలో పెట్టాడు.

మా శ్రీమతి ఈ పంచాయితీలో అంతవరకు వేలు పెట్టలేదు. మనవడు ఆవిడను మంచి చేసుకోవాలనుకున్నాడు గాబోలు, వెన్బా అనే ఆట పెట్టాడు. 2023లో కెనడాలోని టొరంటో వారు చేసిన ఆట. అక్కడికి వలస వెళ్లిన తమిళ దంపతులు, వారికొక కొడుకు. తల్లి ఇచ్చిన వంటల పుస్తకం చిరిగి మాసిపోయింది. కనబడని మాటలు ఊహించి వంట చెయ్యాలి. మొదటి వంట ఇడ్లీ. రేకులు ఎలా పేర్చాలో తోచక మనవడూ నేనూ తలలు పట్టుకున్నాం.

"గుంటమీద గుంట పెడతారుటండీ ఎవరైనా? పైరేకు కిందవాటిని నొక్కెయ్యదూ? ఆవిరెలా ఆడుతుంది? తిప్పి పెట్టండి" అన్నది శ్రీమతి వంటింటి గుమ్మంలోంచి.

తిప్పి పెట్టాం. ఇడ్లీలు ఉబ్బాయి. తప్పుచేస్తే ఈ ఆటలో శిక్ష లేదు, మళ్లీ చేసుకోవడమే. కొడుకు పెద్దవాడై, తమిళం సరిగా చదవలేక, అమ్మ పుస్తకం ముందు తడబడే ఘట్టం వచ్చేసరికి శ్రీమతి కుర్చీ తెచ్చుకుని కూర్చుంది. అమెరికాలో ఉన్న మా పెద్దమ్మాయి పిల్లలకు తెలుగు చదవడం రాదు. ఆవిడ ఏమీ అనలేదు. ఆ రాత్రి అమ్మాయికి ఫోను చేసి చాలాసేపు మాట్లాడింది.

మర్నాడు నేను ఆ కాగితం ముక్కలు అతికించి మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాను. తప్పులు పదకొండు. అందులో ఏడు ఒకటే తప్పు - సమీకరణంలో అటుది ఇటు తెచ్చినప్పుడు గుర్తు మార్చలేదు. "ఒకే ముల్లు మీద ఏడుసార్లు పడ్డావురా" అన్నాను. వాడు కాగితం వంక చూసి, పెన్సిలు తీసుకుని, మూడో లెక్క దగ్గర మొదలు పెట్టాడు.

తాళంచెవి ఇప్పటికీ శ్రీమతి కొంగుముడిలోనే ఉంది. సాయంత్రం ఆరున్నర నుంచి యెనిమిది దాకా బీరువా తెరుస్తుంది. ఫోనులోని ఆటను కోడలు తీసేసింది. మా అబ్బాయి ఇంకా ఆ బంగారు రౌతును గెలవలేదు. నేను కొండమీద పాత హోటలు దాకా చేరాను. నిన్నటికి నా చావులు వెయ్యిన్నీ నలభైమూడు.