ముత్తాత పుట్టుమచ్చ రిజిస్టరులో ఉంది!

మీకు తెలుసా? మద్రాసు నుంచి కూలీలతో బయలుదేరిన 'ట్రూరో' ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. చెరకు తోటల్లో పనికి వెళ్లినవారు మొత్తం 342 మంది! ఎవరెవరు దిగారో పేరుపేరునా రాసి పెట్టారు. ఆ జాబితా ఇప్పటికీ ఉంది!

ఆ తర్వాత 1911 దాకా ఇలాంటి ఓడలు వచ్చాయి. డర్బన్ ఉన్న నేటాల్ ప్రాంతానికి చేరినవారు 1,52,184 మంది! ఒక్కొక్కరికీ ఒక నంబరు! ముత్తాత నంబరు దొరికిందా, ఆయన ఎక్కిన ఓడ దొరికినట్టే!

ఆ రిజిస్టరులో ఒక్క వరుసలో ఎన్ని సంగతులో చూడండి! పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు. తొమ్మిదోది ఒంటి మీది గుర్తులు! చెంప మీద పుట్టుమచ్చ, మోచేతి మీద దెబ్బ మచ్చ. ఇంట్లో ఎవరికీ గుర్తులేనిది గుమాస్తా రాసి పెట్టాడు!

మారిషస్ ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ 1860ల నుంచే కూలీలకు ఫొటోలు తీశారు! ముత్తాత ముఖాన్నే చూడొచ్చు! మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆ రికార్డులను భద్రంగా దాచింది.

ఫిజీకి వెళ్లిన ప్రతి కూలీకీ ఒక పాసు ఉండేది. 60 వేలకు పైగా పాసులు! దగ్గరి బంధువు పేరు కూడా అందులో రాసేవారు. అంటే ఇక్కడ ఊళ్లో మిగిలిపోయిన అన్నో, తండ్రో అందులో దొరుకుతాడు!

ఈ పాత కాగితాలకు నేటికీ విలువ ఉంది! మారిషస్‌లోని భారత సంతతికి ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు అర్హతను 7వ తరం దాకా పెంచుతున్నట్టు 2024లో మన రాష్ట్రపతి అక్కడే ప్రకటించారు. పూర్వీకులు ఇక్కడివారని చూపడానికి ఇలాంటి రికార్డులే ఆధారం!

మరి ఊరు కదలని కుటుంబాల మాటేమిటి? వాళ్లకూ ఒక దారి ఉంది! కుటుంబానికి ఒకప్పుడు మాన్యం (ఇనాం భూమి) ఉండి ఉంటే, ఆంధ్ర జిల్లాల్లో 1860లలో రాసిన ఇనాం రిజిస్టర్లు చూడండి. మాన్యం మొదట ఎవరికిచ్చారో, అప్పటికి ఎవరి చేతిలో ఉందో, ఆయన వయసెంతో అందులో ఉంటాయి!

వెతకాలంటే మాత్రం మూడు ముక్కలు చేతిలో ఉండాలి. పేరు, తండ్రి పేరు, ఊరు. ఈ ఆదివారమే అమ్మమ్మనో తాతయ్యనో అడిగి రాసి పెట్టుకోండి. అన్నిటికంటే ముందు చూడాల్సిన రికార్డు వాళ్లే!