విమానమునకు దారిచూపు గణితము

చీఁకటిలో సముద్రముపై నెగురు విమానమునకు బాట యేది? 1939–45 యుద్ధమున బ్రిటిషు వాయుసేనలో నావిగేటరు దానిని లెక్కగట్టెడివాఁడు. లాంకాస్టరు విమానమున నేడుగురు. వారిలో నితఁడు తెరచాటున, చిన్నదీపమువద్ద, పటము ముందిడుకొని కూర్చుండును. వేగము, దిక్కు, గడచిన కాలము: ఈ మూఁటితో నున్నచోటు తేల్చవలెను. మన పిల్లలు విసుగుకొను త్రైరాశికమే యచట ప్రాణాధారము. చిక్కెల్ల గాలితోనే. గంటకు 40 మైళ్ల యడ్డగాలిని గుర్తింపనిచో గంటలో 40 మైళ్లు ప్రక్కకు పోవుదురు. అందుచే నక్షత్రముల యెత్తును సెక్స్టంటుతో కొలిచి, పంచాంగమువంటి పట్టికలతో సరిచూతురు.

ఈ విద్యకై వేలకొలఁది యువకులు కెనడాకు పోయిరి. శత్రుదేశపు చీఁకటి పాఠశాలకు లొంగునా? 1941లో ఛాయాచిత్రములు పరీక్షింపఁగా, గురిని కొట్టితిమన్న విమానములలో మూఁడింట నొకటియే యైదుమైళ్లలోపలికి చేరినదని తేలెను. 1942లో ‘జీ’ యను రేడియో సాధనము తోడయ్యెను. ముప్పది యాత్రలు ముగించినవారికి విరామము దొరకెడిది. బాంబరు దళమున నెగిరిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది మరణించిరి.