కన్వర్టర్ తీసేస్తే కారు పరుగెడుతుందా?

కారుకు పికప్ చాలడం లేదని బాధపడే యజమానికి తరచుగా దొరికే సలహా ఒకటుంది. కింద ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్ తీయించేసి, దాని చోట ఉత్త గొట్టం వెల్డింగ్ చేయించమంటారు. వినడానికి తర్కం సూటిగానే ఉంటుంది. ఇంజిన్ గాలి పీల్చి పొగ వదిలే యంత్రం కాబట్టి, వదిలే దారి ఎంత వెడల్పుగా ఉంటే అంత సులువుగా తిరుగుతుందన్నది ఆ వాదన. ఇందులో నిజం లేకపోలేదు. కాకపోతే అది పాతకాలపు కార్లకు, పందెపు కార్లకు వర్తించినంతగా ఈనాటి మామూలు కారుకు వర్తించదు. ఇప్పటి పెట్రోలు కారులో ఇంధనాన్ని కొలిచే కంప్యూటరూ, ఇంజినూ, కన్వర్టరూ ఒకదాన్ని చూసుకుని మరొకటి పనిచేసేలా కలిపి తయారైనవి. ఆరోగ్యంగా ఉన్న కన్వర్టర్ ఇంజిన్‌కు చెప్పుకోదగ్గ అడ్డు కాదు. నిజంగానే అడ్డుపడుతోందంటే అసలు జబ్బు ఇంకెక్కడో ఉందన్నమాట.

ముందు అది చేసే పనేమిటో చూద్దాం. స్టీలు డబ్బాలో ఒక సెరామిక్ దిమ్మ, దాని నిండా సన్నని రంధ్రాలు. చదరపు అంగుళానికి 400 రంధ్రాలుండటం మామూలు. వాటి గోడల మీది పూతలో ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి ఖరీదైన లోహాలు కొద్దిపాటి మోతాదులో ఉంటాయి. ఇంజిన్ నుంచి వచ్చే వాయువుల్లో ప్రమాదకరమైనవి ముఖ్యంగా మూడు: కార్బన్ మోనాక్సైడ్, సగం కాలిన పెట్రోలు ఆవిర్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు. మొదటి రెండింటినీ ఆక్సిజన్‌తో కలిపి కార్బన్ డయాక్సైడ్‌గా, నీటి ఆవిరిగా మార్చాలి. మూడోదాని నుంచి ఆక్సిజన్ లాగేసి మామూలు నైట్రోజన్‌గా వదలాలి. ఒకచోట ఆక్సిజన్ కలపడం, మరోచోట తీయడం ఒకే డబ్బాలో జరగాలంటే గాలి, పెట్రోలు బరువులో దాదాపు 14.7కి 1 పాళ్లలో ఉండాలి. అందుకే కన్వర్టర్ ముందున్న ఆక్సిజన్ సెన్సర్ క్షణక్షణం కబురు పంపుతుంటే కంప్యూటర్ పెట్రోలు మోతాదు సరిచేస్తుంటుంది. వెనకున్న సెన్సర్ కన్వర్టర్ పని చేస్తోందో లేదో కనిపెడుతుంది. దిమ్మ 250, 300 డిగ్రీల దాకా వేడెక్కాక పని మొదలవుతుంది. బాగా వేడెక్కిందంటే ఈ మూడింటిలో 90 శాతానికి పైగా అక్కడే మారిపోతాయి. మన దేశంలో 1991 నాటి నిబంధనలు పెట్రోలు కారు కిలోమీటరుకు 14.3 నుంచి 27.1 గ్రాముల దాకా కార్బన్ మోనాక్సైడ్ వదలడానికి ఒప్పుకున్నాయి. ఇప్పటి భారత్ స్టేజ్-6 (బీఎస్-6) నిబంధనల్లో ఆ పరిమితి 1 గ్రాము. నైట్రోజన్ ఆక్సైడ్లకు 0.06 గ్రాము. ఇంజిన్ల మెరుగుదల కూడా ఇందుకు కారణమే అయినా, కన్వర్టర్ లేకుండా ఈ అంకెలు అందేవి కావు.

అయితే కన్వర్టర్ శక్తిని తినేస్తుందన్న పేరు ఎలా వచ్చింది? ఫ్రాన్స్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఇంజినీరు యూజీన్ హూడ్రీ 1950లలోనే లాస్ ఏంజిలిస్ పొగమంచును చూసి కార్లకు కన్వర్టర్ తయారుచేశాడు. కానీ ఇంజిన్ శక్తి కోసం అప్పట్లో పెట్రోలులో కలిపే సీసం ఆ లోహపు పూతను కప్పేసి చంపేసేది. సీసం పోతే తప్ప కన్వర్టర్ బతకదు. అమెరికాలో 1975 మోడల్ కార్లతో అది విరివిగా వచ్చింది. సీసం లేని పెట్రోలుకు తగ్గట్టు కంపెనీలు అప్పటికే ఇంజిన్ల కంప్రెషన్ తగ్గించేశాయి, కాలుష్యం తగ్గించేందుకు స్పార్క్ సమయాన్ని వెనక్కి జరిపాయి. కార్బ్యురేటర్లు పాళ్లను ఖచ్చితంగా పట్టలేకపోయేవి. తొలి కన్వర్టర్లలో కొన్ని గుళికలతో నింపినవి కావడంతో వాయువులకు కాస్త అడ్డుపడేవి కూడా. కార్ల జోరు తగ్గడానికి కారణాలు ఇన్నున్నా నింద మాత్రం కొత్తగా వచ్చిన డబ్బా మీద పడింది. తర్వాతి కథ దీనికి విరుద్ధంగా నడిచింది. 1977 మోడల్‌గా కాలిఫోర్నియాలో వోల్వో ఆక్సిజన్ సెన్సర్‌తో కూడిన మూడు పనుల కన్వర్టర్‌ను తెచ్చింది. దానికి కావలసిన ఖచ్చితత్వం కోసమే కార్బ్యురేటర్ పోయి కంప్యూటర్ నడిపే ఇంజెక్షన్ సర్వత్రా వచ్చింది. చలిలోనూ తాళం తిప్పగానే స్టార్టయ్యే ఇంజిన్, మెరుగైన మైలేజీ మనకు దక్కడంలో కన్వర్టర్ వాటా చిన్నది కాదు. మన నాలుగు మహానగరాల్లో 1995 ఏప్రిల్ నుంచి కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరైంది. 2000 నాటికి దేశమంతటా పెట్రోలులో సీసం పోయింది. హైదరాబాద్ సహా 13 నగరాలకు 2010లో బీఎస్-4, దేశమంతటికీ 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాయి.

ఇక వాయువుల దారి సంగతి. చిన్న నాన్‌టర్బో కారులో కన్వర్టర్ ఒక్కటీ తీస్తే వచ్చే శక్తి స్వల్పం. గాలి వచ్చే దారి, వాల్వుల తీరు, కంప్యూటర్‌లోని లెక్కలు అలాగే ఉండి తోక ఒక్కటి వెడల్పయినంత మాత్రాన ఇంజిన్ స్వభావం మారదు. పైగా గొట్టం మరీ వెడల్పయితే వాయువుల వేగం తగ్గి, ఒక సిలిండర్ నుంచి పోయే పొగ వెనకదాన్ని లాక్కుపోయే ఊపు పోతుంది. ఊళ్లో తిరిగే తక్కువ వేగాల్లో పికప్ నిజానికి మందగించవచ్చు. శబ్దం పెరగడంతో వేగం పెరిగిందన్న భ్రమ మాత్రం కలుగుతుంది. టర్బో కార్ల విషయం వేరన్న అభ్యంతరం సరైనదే. టర్బైన్ తర్వాత ఒత్తిడి తగ్గించి, కంప్యూటర్‌లోని లెక్కలు మార్చి రీమ్యాప్ చేస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. అయితే ఆ లాభంలో చాలాభాగం రీమ్యాప్‌ది. రంధ్రాలు తక్కువగా, గోడలు పలచగా ఉండే లోహపు కన్వర్టర్‌తోనూ దాన్ని అందుకోవచ్చు. కాకపోతే అలాంటి భాగం ఆ మోడల్‌కు అనుమతి పొందినదై ఉండాలి. డబ్బా మీద పెద్ద పేరున్నంత మాత్రాన సరిపోదు.

మూసుకుపోయిన కన్వర్టర్ మాటేమిటన్నది బలమైన ప్రశ్న. దిమ్మ కరిగినా, విరిగి అడ్డం పడినా కారు నిజంగానే ఈడ్చుకుంటూ నడుస్తుంది. కొత్తది ఖరీదు కాబట్టి తీసేయడమే చవక అనిపిస్తుంది. కానీ దిమ్మ దానంతటది కరగదు. మిస్‌ఫైర్ అవుతున్న సిలిండర్ నుంచి కాలని పెట్రోలు వచ్చి దాని లోపల మండితే కరుగుతుంది. అరిగిన రింగుల మీదుగా ఇంజిన్ ఆయిల్ కాలితే అందులోని భాస్వరం పూతను కప్పేస్తుంది. కల్తీ పెట్రోలూ హాని చేస్తుంది. కారణాన్ని వదిలి డబ్బాను పీకించడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే. మిస్‌ఫైర్ అలాగే ఉంటుంది, ఆయిల్ అలాగే తాగుతుంది, వెనక సెన్సర్ ఫిర్యాదుతో చెక్ ఇంజిన్ లైటు వెలుగుతూనే ఉంటుంది. ఆ లైటును మోసగించే చిట్కాలు వేస్తే రేపు నిజమైన లోపం వచ్చినా తెలియదు. సెన్సర్ ఊడదీసి ఆ రంధ్రంలో గేజి పెడితే పొగ ఒత్తిడి ఎంతో నిమిషాల్లో తేలుతుంది. కొలవకుండా కోయమనే మెకానిక్‌ను నమ్మకూడదు.

లారీలూ ఫ్యాక్టరీలూ అంత పొగ వదులుతుంటే నా ఒక్క కారుతో ఏమవుతుందంటారు. డెన్వర్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ స్టెడ్‌మన్ బృందం రోడ్డు పక్క నుంచి వాహనాల పొగను కొలిచి చూస్తే, సుమారు పదో వంతు వాహనాలే కార్బన్ మోనాక్సైడ్‌లో సగం దాకా వదులుతున్నట్టు తేలింది. డీజిల్ బండ్లలోనూ అంతే. కాలుష్య నియంత్రణ పరికరాలు పీకేసిన పికప్ ట్రక్కులు అంతకుముందు దశాబ్దంలో దాదాపు 5.5 లక్షలని అమెరికా పర్యావరణ సంస్థ 2020లో అంచనా వేసింది. వాటి అదనపు పొగ, సక్రమంగా ఉన్న మరో 90 లక్షల ట్రక్కులను రోడ్డు మీదికి తెచ్చినంత అని లెక్కగట్టింది. పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చిందిగా అనేవారూ ఉన్నారు. ఆ పరీక్షలో నిలబెట్టిన కారుకు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు తప్ప నైట్రోజన్ ఆక్సైడ్లు కొలవరు. అవి పుట్టేది బరువుతో పరుగెత్తేటప్పుడు. కాబట్టి ఆ కాగితం నిర్దోషిత్వానికి రుజువు కాదు.

చట్టం కూడా దీన్ని యజమాని ఇష్టానికి వదల్లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. అందువల్ల పికప్ తగ్గితే ముందు స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు, ఇంజెక్టర్లు, సెన్సర్లు చూపించండి. కన్వర్టర్ నిజంగా పోయి ఉంటే, అది పోవడానికి కారణమైన లోపాన్ని బాగు చేయించి, మీ మోడల్‌కు ఆమోదం పొందినదే వేయించండి. మీ కారు వదిలే గాలిని ముందుగా పీల్చేది వెనక బైకు మీద వచ్చేవారేనని గుర్తుంచుకోండి.