సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనే ముందు లినక్స్‌తో ఇలా చెక్ చేయండి

మన నందివాడ నుంచి గుడివాడ వెళ్లి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొంటున్నారా? పైన అతికించిన స్టిక్కర్ నమ్మి డబ్బులు ఇచ్చేయకండి. ఉబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లండి. దాంతో బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే ‘ట్రై ఉబుంటు’ నొక్కండి, టెర్మినల్ తెరవండి. కమాండ్లన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

‘ఎల్‌ఎస్‌సీపీయూ’ కొడితే ప్రాసెసర్ మోడల్, కోర్లు వస్తాయి.

‘ఫ్రీ’, స్పేస్, ‘హైఫన్ హెచ్’ కొడితే ర్యామ్ వస్తుంది. 8 జీబీ అన్నచోట 7.6 చూపిస్తే కంగారు పడకండి, కొంత సిస్టమే పక్కన పెట్టుకుంటుంది. 3.7 వస్తే మాత్రం అది 4 జీబీనే!

‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే’, స్పేస్, ‘హైఫన్ టీ’ కొట్టి ‘రోటా’ కాలమ్ చూడండి. 0 అంటే ఎస్‌ఎస్‌డీ, 1 అంటే తిరిగే పాత హార్డ్ డిస్క్. లూప్ అని ఉన్నవి, మీ పెన్‌డ్రైవ్ లెక్కలోకి తీసుకోకండి.

పెన్‌డ్రైవ్ పెట్టనివ్వని చోట కొనకండి. అది అమ్మానాన్న చెరువు గట్ల మీద కష్టపడిన డబ్బు కదా!