అయిదుగురు అన్నదమ్ములు... ఒక గంగ వంశం

భావనపాడు తీరం నుంచి లోపలికి బయల్దేరితే ముందు నౌపడ ఉప్పుమళ్లు కనిపిస్తాయి. అవి దాటితే టెక్కలి. ఇంకా పైకి వెళితే పర్లాకిమిడి. వంశధార ఒడ్డుకు మళ్లితే శ్రీముఖలింగం. ఒక్కరోజులో చుట్టిరాగల ఈ ఊళ్లలోనే, కళింగాన్ని తొమ్మిది వందల ఏళ్లకు పైగా ఏలిన గంగ వంశం కథంతా దాగి ఉంది. కలిసి గెలవడం, విడిపోయి పంచుకోవడం... అదే ఆ కథ!

పంపకాలతోనే మొదలు

అనంతవర్మ చోడగంగు 1118లో వేయించిన రాగిశాసనం వంశం పుట్టుక గురించి ఓ గాథ చెబుతుంది. కామార్ణవుడు నలుగురు తమ్ముళ్లను వెంటబెట్టుకుని కోలాహలపురం నుంచి తూర్పుకు వచ్చాడట. అదే ఇప్పటి కర్ణాటకలోని కోలారు. మహేంద్రగిరి మీద గోకర్ణస్వామిని కొలిచి, శబరాదిత్యుణ్ని ఓడించి, కళింగాన్ని గెలిచి తమ్ముళ్లకూ భాగాలిచ్చాడట.

గాథ సంగతెలా ఉన్నా, గంగరాజుల శకం సుమారు క్రీ.శ. 498లో మొదలైంది. పంపకాలూ కట్టుకథ కాదు. నరసన్నపేట ప్రాంతంలోని నడగాంలో దొరికిన 1057 నాటి శాసనం ఆ మాటే అంటుంది. అయిదు ముక్కలైన రాజ్యాన్ని గుణమహార్ణవుడి కొడుకు వజ్రహస్తుడు మళ్లీ ఒక్కటి చేసి, 44 ఏళ్లు పాలించాడని అందులో ఉంది.

వారిలో అందరికన్నా పేరు తెచ్చుకున్నది చోడగంగే. తండ్రి గంగరాజు రాజరాజ దేవేంద్రవర్మ, తల్లి చోళ రాకుమారి రాజసుందరి. పేరులోనే రెండు వంశాలూ ఉన్నాయి. 1078లో గద్దెనెక్కి దాదాపు 70 ఏళ్లు ఏలాడు. పూరీ జగన్నాథాలయ నిర్మాణం మొదలైంది ఆయన కాలంలోనే. రాజధాని కటకానికి తరలిపోయిందీ అప్పుడే. తర్వాతి తరాల్లో నరసింహదేవుడు కోణార్క సూర్యాలయం కట్టించాడు. 1434లో కపిలేంద్రుడు కటకం సింహాసనం దక్కించుకోవడంతో అక్కడ గంగల పాలన ముగిసింది.

పంతులుగారు చదివిన రాళ్లు

రాజధాని తరలిపోయాక పాత రాజధాని ఊసే జనం మరిచిపోయారు. శాసనాల్లోని కళింగనగరం అంటే సముద్రం ఒడ్డున ఉన్న కళింగపట్నమేనని కొందరు అనుకున్నారు. ముఖలింగం పక్కనున్న పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. పాత లిపులు సొంతంగా నేర్చుకుని ముఖలింగం గుడి శాసనాలు చదివారు. కళింగనగరం ఇదేనని తేల్చారు.

మూడు కిమిడిలు... ఒక సరిహద్దు

గంగల వారసులమని చెప్పుకున్న కిమిడి పాలకుల రాజ్యమూ పెదకిమిడి, చినకిమిడి, పర్లాకిమిడిగా చీలింది. పర్లాకిమిడి ఇంటి నుంచి విడిపోయిన శాఖే టెక్కలి జమీందారులది. పర్లాకిమిడి రాజు గౌరచంద్ర గజపతి నౌపడ నుంచి తన ఊరికి చిన్న రైలు వేయించాడు. 1900 ఏప్రిల్ 1న అది కూత పెట్టింది. సరిగ్గా 36 ఏళ్లకు, మళ్లీ ఏప్రిల్ 1నే, ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అటు వెళ్లింది, నౌపడ ఇటు ఉండిపోయింది. ఒకే రైలు దారి రెండు రాష్ట్రాల పాలైంది!

ఆ మార్పు ఒకే ఊళ్లో ఇద్దరికి రెండు రకాలుగా అనుభవమైంది. ఒడిశా రాష్ట్రం కోసం పాటుపడిన రాజు కృష్ణచంద్ర గజపతి 1937 ఏప్రిల్ 1న దాని తొలి ప్రధాని అయ్యారు. ఇప్పుడు అక్కడి జిల్లాకు గజపతి అన్న పేరు ఆయనదే. ఆ ఊళ్లోనే దశాబ్దాలు గడిపిన గిడుగు మాత్రం పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు.

వంశం తొలి రాజధాని ఆంధ్రలో ఉంది. వారసుల కోట ఒడిశాలో ఉంది. అయినా శివరాత్రి వస్తే ఒడిశా భక్తులు ముఖలింగానికి తరలివస్తారు. తెలుగువాళ్లతో కలిసి వంశధారలో చక్రతీర్థ స్నానం చేస్తారు. మధుకేశ్వరుడి ముందు రెండు భాషల్లోనూ మొక్కులు వినిపిస్తాయి. రాజులు పంచుకున్నారు, ప్రభుత్వాలూ పంచుకున్నాయి. దేవుణ్ని మాత్రం ఎవరూ పంచలేకపోయారు.